వీల్‌చైర్ ఇచ్చిన పార్కే రైడ్ ఎందుకు ఎక్కనివ్వదు?

కార్తీక వనభోజనాలు మొదలైనప్పటి నుంచి సంక్రాంతి సెలవులు అయ్యేదాకా విశాఖలో కైలాసగిరి, జూ, బీచ్ రోడ్డు కిటకిటలాడుతుంటాయి. ఇంటిల్లిపాదీ బయలుదేరుతారు. మోకాళ్లు అరిగిన నాయనమ్మ, పక్షవాతం నుంచి కోలుకుంటున్న బాబాయి, పోలియోతో కాళ్లు చచ్చుబడిన అత్త, ఎవరో ఒకరు ఆ గుంపులో ఉంటారు. ఇదే కుటుంబాలు వేసవిలో హైదరాబాద్ వెళ్లి పెద్ద పార్కులు చూస్తాయి. అన్ని చోట్లా ఒకటే గందరగోళం. గేటు దగ్గర ‘వీల్‌చైర్ సౌకర్యం కలదు’ అని బోర్డుంటుంది, వీల్‌చైర్ కూడా ఇస్తారు. తీరా రైడ్ దగ్గరికి వెళ్లాక ‘పెద్దావిడను ఎక్కించలేమండీ’ అంటారు.

ఇది వివక్షా, భద్రతా? రెండూ కావచ్చు. ‘అందుబాటు’ అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు విషయాలు కలిసిపోవడమే గందరగోళానికి మూలం. లోపలికి రాగలగడం ఒకటి, లోపల తిరగగలగడం ఒకటి. రైడ్ సీటులోకి మారగలగడం మూడోది. రైడ్ మధ్యలో ఆగిపోతే క్షేమంగా దిగగలగడం నాలుగోది. గేటు దగ్గరి బోర్డు మాట్లాడేది మొదటి రెండింటి గురించే. ఎక్కనివ్వనప్పుడు సిబ్బంది చెప్పే కారణం నాలుగోది. అసలు చిక్కు మాత్రం చాలాసార్లు మూడోదాని దగ్గరే ఉంటుంది. దాని గురించే ఎవరూ మాట్లాడరు.

కదలలేనివారంతా ఒకటి కాదు

మోకీళ్లు అరిగినవారు వంద, నూటయాభై మీటర్లు నడవగలరు. అదే మనిషి క్యూలో అరగంట నిలబడలేరు. మెట్లు ఎక్కడం కంటే దిగడం వీళ్లకు ఎక్కువ నొప్పి. తక్కువ ఎత్తున్న సీటులోంచి లేవడం అన్నిటికంటే కష్టం.

పక్షవాతం వచ్చినవారికి, పార్కిన్సన్స్ ఉన్నవారికి నడక కొంత ఉంటుంది, నిలకడ ఉండదు. ఒక చేతికి పట్టు తక్కువ. వాహనం పక్కకు కుదిపితే ఒంటిని నిటారుగా నిలుపుకోలేరు. పోలియో వల్లో, వెన్నెముక కింది భాగంలో దెబ్బ వల్లో కాళ్లు పనిచేయనివారి సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. నడక ఉండదు కానీ చేతుల్లో బలం ఉంటుంది. చాలామంది ఎవరి సాయమూ లేకుండా వీల్‌చైర్‌లోంచి మంచం మీదికి, కారులోకి మారిపోతారు. ఇద్దరు కలిసి ఎత్తితే తప్ప కదలలేనివారిది నాలుగో పరిస్థితి.

కుదుపుండే రైడ్‌లో చేతికర్రతో నడిచివచ్చిన బాబాయి కంటే, వీల్‌చైర్‌లో వచ్చిన అత్తే సీటులో స్థిరంగా కూర్చోవచ్చు. సిబ్బంది మాత్రం వీల్‌చైర్‌ను చూసి అత్తను ఆపేస్తారు, నడిచివచ్చారని బాబాయిని ఎక్కిస్తారు. అంటే పొరపాటు రెండు వైపులా జరుగుతోంది. ఒకరికి సరదా పోతుంది, మరొకరికి ప్రమాదం.

వాలు లెక్క: 1:12 అంటే ఏమిటి

ర్యాంప్ ఉందా లేదా అన్నదాని కంటే ఎంత వాలుగా ఉందన్నదే ముఖ్యం. సాధారణంగా పాటించాల్సిన ప్రమాణం 1:12. ఒక సెంటీమీటరు ఎత్తు ఎక్కడానికి 12 సెంటీమీటర్ల పొడవు ఉండాలని అర్థం. ఒక్కోటి 15 సెం.మీ. ఉన్న మూడు మెట్ల బదులు ర్యాంప్ కట్టాలంటే 45ను 12తో గుణించాలి, 540 సెం.మీ. వస్తుంది. దాదాపు ఐదున్నర మీటర్లు. అంత జాగా లేక చాలాచోట్ల రెండున్నర మీటర్లతో సరిపెట్టేస్తారు. అప్పుడది ఇంచుమించు 1:6 అవుతుంది.

తేడా ఎంతో లెక్క వేసి చూడొచ్చు. మనిషి 70 కిలోలు, మామూలు మడత వీల్‌చైర్ 18 కిలోలు అనుకుంటే మొత్తం 88. ఇది 1:12 వాలు మీద వెనక్కి జారకుండా పట్టుకోవడానికే సుమారు 7.3 కిలోల తోపుడు కావాలి. 1:6 మీద సుమారు 14.5 కిలోలు, 1:4 మీద 21 దాటుతుంది. ఏడు కిలోల బలం ఇంట్లో ఎవరైనా పెట్టగలరు. పద్నాలుగు కిలోల బలంతో ఎగువకు తోస్తూ పోవడం పదిహేనేళ్ల మనవడికి అంత తేలిక కాదు. దిగేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. నిటారు వాలులో ముందుకు తిప్పి దింపితే కూర్చున్నవారు ముందుకు జారిపోతారు. అందుకే వెనక చక్రాలు ముందు దిగేలా, తోసేవారు వెనక్కి నడుస్తూ దింపుతారు.

పార్కులు అరువిచ్చే వీల్‌చైర్ల గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మామూలు వీల్‌చైర్ బ్రేకు చక్రం ఇరుసును పట్టుకోదు, టైరును నొక్కి పట్టుకుంటుంది. టైరులో గాలి తగ్గితే లివరు పూర్తిగా లాగినా టైరుకు తగలదు. చూడ్డానికి బ్రేకు వేసినట్టే ఉంటుంది, కుర్చీ మాత్రం కదిలిపోతుంది. విశాఖ సముద్రపు గాలికి బోల్టులు, ముందు చిన్న చక్రాల బేరింగులు తుప్పుపట్టి బిగుసుకుంటాయి. అప్పుడు కుర్చీ ఒక పక్కకు లాగేస్తుంది. ఫుట్‌రెస్ట్ ఊడిపోయిన కుర్చీలో కూర్చున్నవారి పాదం నేలకు తగిలి, చక్రం కిందికి మడతపడే ప్రమాదం ఉంది. పక్షవాతం వల్ల కాలికి స్పర్శ తెలియనివారైతే ఆ సంగతి వారికే తెలియదు. చేత్తో టైరు నొక్కి చూడటం, బ్రేకు వేసి తోసి చూడటం, రెండు ఫుట్‌రెస్టులూ ఉన్నాయో లేదో చూడటం నిమిషం పని. ఆ నిమిషం గేటు దగ్గర కేటాయించాలి, కొండ మీద వాలులో కాదు.

ముందు చక్రాలు చిన్నవి కాబట్టి పేవర్ రాళ్ల సందుల్లో, కాలువ జాలీల్లో, టాయ్ ట్రైన్ పట్టాలు దాటేచోట ఇరుక్కుంటాయి. తోసేవారు వేగంగా వస్తుంటే కుర్చీ అక్కడ ఠక్కున ఆగుతుంది, కూర్చున్నవారు ముందుకు పడతారు. ఇలాంటి చోట హ్యాండిళ్లను కిందికి నొక్కి ముందు చక్రాలు లేపి దాటించాలి, లేదా కుర్చీని వెనక్కి తిప్పి పెద్ద చక్రాలను ముందు పంపాలి.

సీటులోకి మారడం: అసలు చిక్కు ఇక్కడే

వీల్‌చైర్ సీటు నేల నుంచి సుమారు 50 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. పిల్లలను దృష్టిలో పెట్టుకుని చేసిన రైలు పెట్టెలు, పడవల సీట్లు అంతకంటే బాగా కిందికి ఉంటాయి. పైగా పెట్టె అంచు దాటి కాలు లోపల పెట్టాలి. అంచు మోకాలి ఎత్తులో ఉంటే అరిగిన మోకాలికి అదే గోడ.

మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మను పడవలోకి ఎక్కించారనుకుందాం. కూర్చునేటప్పుడు బరువే కిందికి తీసుకుపోతుంది కాబట్టి పని తేలికగా అయిపోయినట్టు కనిపిస్తుంది. ఐదు నిమిషాల తర్వాత దిగాలి. 35 సెం.మీ. సీటులో మోకాళ్లు తొంభై డిగ్రీలకు మించి మడిచి ఉంటాయి. పట్టుకోవడానికి కమ్మీ లేదు. వెనక పడవ వచ్చేస్తోంది. ఇద్దరు చెరో చెయ్యి పట్టి లాగుతారు. దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఈ క్షణంలోనే. ‘ఎక్కించగలిగాం కదా, దించలేమా’ అన్న లెక్క అందుకే పనికిరాదు. దిగడం ఎలాగో తేలాకే ఎక్కించాలి.

పక్షవాతం వచ్చినవారిని చంకల కింద పట్టి ఎత్తడం మరీ ప్రమాదం. చచ్చుబడిన వైపు భుజం కీలు వదులుగా ఉంటుంది, లాగితే జారుతుంది. నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి ఆ బెల్టు పట్టుకుని లేపడం సరైన పద్ధతి. బలమున్న వైపు సీటుకు దగ్గరగా వచ్చేలా వీల్‌చైర్‌ను కాస్త ఏటవాలుగా నిలిపి, రెండు బ్రేకులూ వేసి, ఫుట్‌రెస్టులు పైకి మడిచాకే కదపాలి. తుంటి మార్పిడి ఆపరేషన్ అయి కొద్ది నెలలే అయినవారికి మరీ కిందికి ఉండే సీటు అసలు పనికిరాదు. తుంటి బాగా మడిచినప్పుడు కొత్త కీలు పట్టు తప్పే అవకాశం ఉంది.

చాలా పార్కుల్లో సిబ్బంది మనుషులను ఎత్తరు. స్వయంగా మారగలగాలి, లేదా వెంట వచ్చినవారు మార్చాలి అన్నది నియమం. ఇది నిర్దయగా అనిపించినా అందులో న్యాయం ఉంది. శిక్షణ లేనివారు ఎత్తితే ఎత్తేవారికీ దెబ్బే, ఎత్తించుకునేవారికీ దెబ్బే. ప్రశ్న అది కాదు. ఇరవై సెంటీమీటర్ల చెక్క దిమ్మె, గట్టి కమ్మీ ఒకటి, సీటు నుంచి సీటుకు జరగడానికి నున్నటి బల్ల, రైడ్‌ను రెండు నిమిషాలు ఎక్కువ ఆపడం, ఇవి ఉంటే మారగలిగేవారు ఎంతమంది? టాయ్ ట్రైన్, పడవ, రంగులరాట్నం లాంటి నెమ్మది రైడ్ల విషయంలో ‘భద్రత’ పేరుతో చెప్పే నిరాకరణల్లో ఎక్కువ భాగం నిజానికి ఈ దిమ్మె, ఈ కమ్మీ లేకపోవడమే అని గట్టిగా చెప్పొచ్చు.

అమెరికాలో దివ్యాంగుల చట్టం కింద 2010లో వచ్చిన ప్రమాణాలు ఈ మూడో విషయాన్నే, అంటే సీటులోకి మారడాన్నే, పట్టుకున్నాయి. కొత్తగా పెట్టే రైడ్‌లో సాధారణంగా మూడింటిలో ఒకటి ఉండాలి: వీల్‌చైర్‌ను అలాగే నిలిపే చోటు, లేదా మారడానికి వీలుగా చేసిన సీటు, లేదా మార్చే పరికరం. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో 2010లో తెరిచిన మోర్గాన్స్ వండర్‌ల్యాండ్‌లో వీల్‌చైర్‌తో సహా ఎక్కే రంగులరాట్నం ఉంది. యంత్రం అదే, కట్టిన తీరు వేరు.

రైడ్ మధ్యలో ఆగితే

కరెంటు పోయినా, సెన్సర్ పొరపాటు చూపినా వేగం రైడ్లు బ్రేకులున్న నిర్ణీత చోట్ల, ఒక్కోసారి ఎత్తులోనే, ఆగేలా కట్టి ఉంటాయి. అది లోపం కాదు, భద్రతా ఏర్పాటే. అలా ఆగితే సన్నటి ఇనుప మెట్ల మీదుగా, నిచ్చెన మీదుగా నడిపించి దించుతారు. నడవలేనివారిని నలభై అడుగుల ఎత్తు నుంచి దించాలంటే ప్రత్యేకమైన పట్టీలు, శిక్షణ పొందిన మనుషులు ఉండాలి. లేని పార్కు ‘ఎక్కించం’ అంటే ఆ మాట నిజమైన కారణమే.

ఎక్కించకపోవడానికి రెండో నిజమైన కారణం ఒడిని పట్టి ఉంచే కమ్మీ. అది తొడల మీద, తుంటి మీద ఒత్తి మనిషిని సీటులో నిలుపుతుంది. కాళ్లు తొడల దాకా లేనివారిని ఆ కమ్మీ పట్టలేదు. కృత్రిమ కాలు వేగంలో ఊడిపోవచ్చు. మెడను, మొండేన్ని నిలుపుకోలేనివారికి భుజాల కమ్మీ ఉన్నా తల కొట్టుకుంటుంది. ఎముకలు గుల్లబారినవారికి, పేస్‌మేకర్ ఉన్నవారికి, రక్తం పలచబడే మందులు వాడేవారికి నడక బాగానే ఉన్నా వేగం రైడ్లు తగవు. ఇలాంటి కారణాలు ఒక్కో రైడ్‌కు ఒక్కోలా ఉంటాయి. గుర్రాల రంగులరాట్నానికీ రోలర్ కోస్టర్‌కూ ఒకే బోర్డు పెట్టారంటే రైడ్ వారీగా ఎవరూ ఆలోచించలేదని అర్థం.

చట్టం ఎటువైపు?

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రభుత్వ స్థలాలకే కాదు, జనం వచ్చిపోయే ప్రైవేటు స్థలాలకూ వర్తిస్తుంది. వినోదం, విహారం దాని నిర్వచనాల్లోనే ఉన్నాయి. 45వ సెక్షన్ ప్రకారం ఉన్న భవనాలను నిబంధనలు వచ్చిన ఐదేళ్లలో అందుబాటులోకి తేవాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, అంటే ఆ గడువు 2022లోనే ముగిసింది. చట్టాన్ని ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ కింద మొదటిసారి 10 వేల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా.

మరి అమలు ఎందుకు కాలేదు? 2024 నవంబర్ 8న, అందుబాటు సౌకర్యాల కోసం రాజీవ్ రతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు ఒక కారణం ఎత్తి చూపింది. చట్టం ‘తప్పనిసరి’ అంటుంటే, 15వ నిబంధన చూపించిన ప్రమాణాలు మాత్రం సిఫార్సుల భాషలో ఉన్నాయని, అందువల్ల ఆ నిబంధనలోని ఒకటో భాగం చట్టానికి విరుద్ధమని తేల్చింది. ఖచ్చితంగా పాటించాల్సిన కనీస ప్రమాణాలను విడిగా రాయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఈ తీర్పుకు ఆధారమైన అధ్యయనం చేసింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు దివ్యాంగుల అధ్యయన కేంద్రం.

రైడ్ విషయానికి వస్తే 3వ సెక్షన్‌లోని మూడో ఉపసెక్షన్ కీలకం. వైకల్యం కారణంగా ఎవరిపట్లా వివక్ష చూపకూడదు, సరైన లక్ష్యం కోసం తగిన మోతాదులో తీసుకున్న చర్య అని చూపిస్తే తప్ప. పార్కుల వాదన: ప్రాణాలు కాపాడటం కంటే సరైన లక్ష్యం ఏముంది, ఏదైనా జరిగితే కేసు మా మీదే కదా. హక్కుల కోసం పనిచేసేవారి వాదన: లక్ష్యం మంచిదే, మోతాదు మాటేమిటి? వీల్‌చైర్ కనిపించగానే అన్ని రైడ్లకూ వద్దనడం మోతాదు మించడమే. ఫలానా రైడ్‌కు ఒంటిని నిలుపుకోగలగాలి, కనీసం ఒక చేత్తో పట్టుకోగలగాలి అని షరతు రాసి, ఆ షరతు దివ్యాంగులకూ మిగతావారికీ ఒకేలా పెట్టడం తగిన మోతాదు. ఈ రెండో వాదన చట్టం మాటలకు దగ్గరగా ఉంది. మొదటి వాదన కోస్టర్ దగ్గర నిలబడుతుంది, టాయ్ ట్రైన్ దగ్గర నిలబడదు.

ఒక చిక్కు మిగిలే ఉంది. మోకాళ్ల నొప్పులున్న డెబ్భై ఏళ్ల నాయనమ్మ ఈ చట్టం దృష్టిలో దివ్యాంగురాలు కాకపోవచ్చు. చట్టం కింద ఎక్కువ ప్రయోజనాలకు సర్టిఫికెట్‌లో కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. ర్యాంప్‌కు మాత్రం సర్టిఫికెట్ అక్కర్లేదు, కట్టాక అందరిదీ.

విశాఖలో ఏది ఎలా ఉంటుంది

కైలాసగిరి పైకి రోప్‌వే ఉంది, రోడ్డూ ఉంది. నిలకడ లేనివారికి రోడ్డే మేలు. చాలా రోప్‌వేల్లో క్యాబిన్ స్టేషన్‌లో పూర్తిగా ఆగదు, నెమ్మదిస్తుంది. కదిలే గుమ్మంలోకి అడుగు పెట్టాలి. కారు పైదాకా వెళ్తుంది కాబట్టి సముద్రం చూడ్డానికి రైడ్ ఎక్కాల్సిన పనే లేదు. పైన మాత్రం నేల అంతా ఎగుడుదిగుడు. శివపార్వతుల విగ్రహాలు, వ్యూ పాయింట్లు, టాయ్ ట్రైన్ అన్నీ కలిపి తిప్పాలనుకోవడం కంటే ఒకటి రెండు ఎంచుకోవడం తెలివైన పని.

బీచ్ రోడ్డులోని కుర్సురా జలాంతర్గామి సంగతి పూర్తిగా వేరు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియం అయిన ఈ 91 మీటర్ల ఓడలోకి మెట్లెక్కి వెళ్లాలి. లోపల దారి ఇరుకు. గదికీ గదికీ మధ్య ఉన్న గుండ్రటి ద్వారాల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. నీరు చొరబడకుండా ఆపడానికే ఆ ద్వారాలు అలా ఉన్నాయి. వాటిని కోసి వెడల్పు చేస్తే అది జలాంతర్గామిగా మిగలదు. వారసత్వాన్ని అలాగే ఉంచాలన్న వాదన ఇక్కడ గట్టిది. లోపలి దృశ్యాలను బయట కూర్చుని చూసే ఏర్పాటు కావాలన్న వాదన అంతే గట్టిది, అందుకు ఓడను ముట్టుకోనక్కర్లేదు. రోడ్డుకు అవతల ఉన్న టీయూ-142 విమానంలోకీ మెట్లే దారి. అయితే అది నేల మీద నిలబడి ఉన్న నౌకాదళ గస్తీ విమానం. దాని రెక్కలు, ఇంజిన్లు బయటి నుంచే తృప్తిగా చూడొచ్చు.

జూ 625 ఎకరాలు, సోమవారం సెలవు. బ్యాటరీ వాహనాలు తిరుగుతాయి. అక్కడ నడక సమస్య వాహనంతో తీరిపోతుంది, వాహనం ఎక్కే మెట్టే మిగులుతుంది. నాయనమ్మ చివరి సీటులో, దిగే వైపు కూర్చుంటే ప్రతి ఆవరణ దగ్గరా అందరి కాళ్లూ దాటాల్సిన పని ఉండదు. రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది. ఆ గుర్తింపు షరతుల్లో దివ్యాంగులకు అందుబాటు కూడా ఒకటి. అయినా మామూలు వీల్‌చైర్ ఇసుకలో ఒక్క గజం కూడా కదలదని గుర్తుంచుకోవాలి.

ముందు పంపాలా, కూర్చోబెట్టాలా

క్యూ విషయంలో వాదన ఎక్కువ. డిస్నీ పార్కుల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఒకప్పుడు దివ్యాంగులకు ఇచ్చే కార్డు చూపిస్తే నేరుగా పంపేవారు, దాన్ని జనం దుర్వినియోగం చేయడంతో 2013లో మార్చేశారు. కొత్త పద్ధతిలో ముందు పంపరు, తిరిగి రావాల్సిన సమయం ఇస్తారు. క్యూ నలభై నిమిషాలుంటే మీరూ నలభై నిమిషాలు ఆగాలి, కానీ నీడలో కూర్చుని. 2024లో దాన్ని ఇంకా కుదించి, ముఖ్యంగా ఆటిజం వంటి ఎదుగుదల సమస్యలున్నవారికే అన్నారు. వీల్‌చైర్ పట్టేంత వెడల్పుగా క్యూలు కట్టాం కదా అన్నది వాళ్ల మాట. నిలబడలేకపోవడం ఒక్కటే సమస్య కాదన్నది వ్యతిరేకించేవారి మాట.

తిరుమలలో 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు విడిగా దర్శనం ఉండటం మనకు అలవాటే, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. పార్కులో మాత్రం ఒక నాయనమ్మ వెనక పన్నెండుమంది ముందుకు వెళ్లిపోతే గొడవ మొదలవుతుంది. సమయం ఇచ్చి కూర్చోబెట్టే పద్ధతిలో ఈ గొడవ లేదు. ఉక్కపోత ఉండే విశాఖలో పెద్దవారికి కావాల్సింది తొందరగా అయిపోవడం కంటే నీడ, కుర్చీ.

టాయిలెట్ లెక్క

రోజంతా బాగా సాగినా చెడగొట్టేది ఇదే. వీల్‌చైర్ వెడల్పు సుమారు 65 సెం.మీ., చేతులకు జాగాతో కలిపి తలుపు 90 సెం.మీ. తెరుచుకోవాలి. లోపల కుర్చీ తిరగడానికి ఒకటిన్నర మీటర్ల వలయం ఖాళీగా ఉండాలి. తలుపు లోపలికి తెరుచుకుంటే ఆ ఖాళీని తలుపే మింగేస్తుంది, లోపల ఎవరైనా పడిపోతే బయటివారు తెరవనూ లేరు. చక్రాల గుర్తు పెట్టి, లోపల చీపుళ్లు, బకెట్లు సర్ది తాళం వేసిన గదులు తరచూ కనిపిస్తాయి. అందుకే పెద్దవారు పొద్దున్నుంచీ మంచినీళ్లు తాగడం మానేస్తారు, అడిగితే దాహం లేదంటారు. బీపీకి నీరు తీసే మాత్ర వేసుకునేవారికి ఈ ఉక్కలో అది మధ్యాహ్నానికల్లా కళ్లు తిరిగి పడిపోయేదాకా తెస్తుంది. పార్కుకు ఫోన్ చేసినప్పుడు ‘వీల్‌చైర్ ఉందా’ అని అందరూ అడుగుతారు. ‘టాయిలెట్ తలుపు ఎంత వెడల్పు, ఎటు తెరుచుకుంటుంది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది’ అని అడిగితే వచ్చే జవాబు అంతకంటే చాలా ఎక్కువ చెబుతుంది.